పెళ్లి పిలుపులకు 40 రోజులు

మన ఇంట్లో పెళ్లి కుదిరితే శుభలేఖలు పంచడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఇద్దరు మనుషులు, ఒక బండి, రోజుకు పది గడపలు అనుకుంటే మూడు వందల ఇళ్లకు నెల రోజులు. సగంలోనే ఇద్దరూ విసుగెత్తిపోతారు. చివరి వందమందికీ ఫోన్‌లో పంపించి చేతులు దులుపుకుంటారు. ఆళ్లగడ్డ దగ్గర ఒక పెళ్లికొడుకున్నాడు. ఏటా తన పెళ్లికి తనే బయల్దేరి పిలుస్తాడు. పల్లకి ఎక్కి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. అటూ ఇటుగా 40 రోజులు పడుతుంది. ఆయన అహోబిలం నరసింహస్వామి. ఆ తిరగడం పేరు పారువేట.

నంద్యాల మీదుగా అహోబిలం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వేసుకొచ్చే లెక్క వేరు. తొమ్మిది గుళ్లు, రెండు రోజులు, ఒక జీపు. అది తప్పు లెక్కేమీ కాదు, దాని దగ్గరికీ వస్తాను. కానీ తొమ్మిది గుళ్లూ చూసి, ఈ పెళ్లి పిలుపుల సంగతి తెలియకుండా వెళ్లిపోతే, పెళ్లింటికి వెళ్లి పందిరి గుంజలు లెక్కపెట్టి వచ్చినట్టే ఉంటుంది. అందుకే ముందు పారువేట.

పేరులో వేట ఉంది కదా, దేన్ని వేటాడతారని అడగొచ్చు. దేన్నీ కాదు. సంక్రాంతి మర్నాడు, కనుమ రోజున స్వామి వేటకు బయల్దేరే తంతు వైష్ణవాలయాల్లో పాత ఆచారమే. తిరుమలలో కూడా కనుమనాడు స్వామి పార్వేట మండపానికి వెళ్లి వేట ముచ్చట తీర్చుకుని అదే రోజు గుడికి చేరతారు. అహోబిలంలో బయల్దేరేది అదే కనుమనాడు, తిరిగి రావడం మాత్రం 40 రోజులకు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరి ఉత్సవమూర్తులూ ఒకే పల్లకిలో కూర్చుంటారు. ఉత్సవమూర్తి అంటే గర్భగుడిలో కదలకుండా ఉండే మూలవిరాట్టుకు బదులు ఊరేగింపులకు బయటికి వచ్చే లోహ విగ్రహం. పల్లకిని బోయీలు భుజాల మీద మోస్తారు.

దేవుడు ఊళ్లకు రావడమేమిటి, ఊళ్లవాళ్లే గుడికి పోవాలి కదా? ఇది అసలైన ప్రశ్న. జవాబు చెంచుల ఇంట్లో ఉంది. హిరణ్యకశిపుణ్ని చంపాక నరసింహుడి కోపం చల్లారలేదట. నల్లమల అడవిలో అలాగే తిరుగుతుంటే ఒక చెంచుపిల్ల ఎదురైంది. ఆ పిల్లను చూసి మెత్తబడి, చేసుకుంటానని అడిగాడు. ఆమే చెంచులక్ష్మి. పెద్దవాళ్లకు 1958లో అక్కినేని, అంజలీదేవి వేసిన సినిమా గుర్తుండే ఉంటుంది. అంతకు చాలా ముందే ఓబయమంత్రి ‘గరుడాచల యక్షగానం’ ఈ కథతోనే రాశాడు. గరుడాచలమంటే అహోబిలం కొండే.

కథ నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. దాని నుంచి పుట్టిన వరస నిజం. పిల్లనిచ్చారు కాబట్టి చెంచులు దేవుడికి అత్తింటివాళ్లు. ఆయన వాళ్లకు బావ. మన ఇళ్లలో బావ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మర్యాద చెయ్యాలి, ఆట కూడా పట్టించొచ్చు. పారువేట మొదట్లో చెంచులు విల్లంబులు పట్టుకొచ్చి పల్లకి వైపు బాణం ఎక్కుపెట్టేది ఈ వరసతోనే. అది దండమూ అవుతుంది, పరాచకమూ అవుతుంది. దేశంలో పెద్ద గుళ్లు చాలా ఉన్నాయి. దేవుడి మీదికి బాణం గురిపెట్టి నవ్వగలిగే చనువు ఎంతమందికి ఉందో మీరే ఆలోచించండి.

ఈ చుట్టరికం చెంచుల దగ్గరే ఆగిపోలేదు. రాయలసీమలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి లేని ఊరు దొరకడం కష్టం. అహోబిలేశుడే జనం నోట్లో ఓబులేసయ్యాడు. మీ తాతముత్తాతల్లో ఒక ఓబయ్య ఉంటే, ఈ పల్లకి ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటి ముందు ఆగి ఉండొచ్చు.

40 రోజులనే మాట ఎంత కచ్చితం? నోటి లెక్క. ఒకరు 41 అంటారు, ఇంకొకరు 45 అంటారు. తేడా రావడానికి కారణం మన పంచాంగంలోనే ఉంది. పారువేట మొదలయ్యే కనుమ సూర్యుణ్ని బట్టి వచ్చే పండగ. అందుకే ఏటా జనవరి 15, 16 తేదీలు దాటదు. పెళ్లి జరిగే బ్రహ్మోత్సవాలు ఫాల్గుణ మాసంలో వస్తాయి, అంటే చంద్రుణ్ని బట్టి. చంద్రుడి ఏడాది 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. తేడా 11. ఫాల్గుణ పున్నమి 2025లో మార్చి 14న వస్తే 2026లో మార్చి 3కే వచ్చేసింది. అధికమాసం పడినప్పుడు మళ్లీ వెనక్కి జరుగుతుంది. పెళ్లికొడుకు బయల్దేరే రోజు కదలదు, ముహూర్తం కదులుతుంది. మధ్యలో పిలుపులకు దొరికే వ్యవధి ఏటా ఒకేలా ఎలా ఉంటుంది? అందుకని ఈ రాతలో 40 అన్నచోటల్లా దాన్ని చేతి లెక్కగానే తీసుకోండి.

ఆ చేతి లెక్కతోనే ఒక సంగతి చూద్దాం. 40 రోజులంటే ఏడాదిలో తొమ్మిదో వంతు. ముప్పైకి పైగా ఊళ్లంటే ఊరికి రోజు పైచిలుకు. ఇది ఊరేగింపు కాదు, బస. రథం వీధి వెంట పోతుంటే మనం మేడ మీద నుంచి దండం పెట్టుకునే వ్యవహారం కాదిది. పల్లకిని దించి కూర్చోబెట్టడానికి ఊళ్లలో అరుగులుంటాయి. వాటిని తెలుపులంటారు. స్వామి తెలుపు మీద కొలువుంటే ఊరంతా వచ్చి చూసి పోతుంది. సంక్రాంతి అందరికీ జనవరి నడిమధ్య వస్తుంది, ఈ ఊళ్లకు మాత్రం పల్లకి వచ్చిన రోజే పెద్ద పండగ. పల్లకి ఒక్కో రోజు ఒక్కో ఊరు చేరుతుంది కాబట్టి పండగ కూడా ఊరి నుంచి ఊరికి నడిచిపోతున్నట్టు ఉంటుంది.

ఇది 600 ఏళ్ల ఆచారమంటారు. ఆ లెక్క ఎక్కడిదో చూడాలి. అహోబిల మఠం 1398 ప్రాంతంలో మొదలైందని మఠం సంప్రదాయం. మొదటి జీయరు ఆదివన్ శఠకోప యతీంద్రులు. పారువేటను మొదలుపెట్టింది కూడా ఆయనేనని చెబుతారు. జీయరు అంటే మఠానికి అధిపతి అయిన వైష్ణవ సన్యాసి. ఇప్పుడున్నది 46వ జీయరు, 2013లో పీఠం ఎక్కారు. 1398 నుంచి 2013 దాకా 615 ఏళ్లు, 45 మంది. ఒక్కొక్కరికి సగటున 13 ఏళ్ల పైచిలుకు వస్తుంది. ఇంట్లో తరానికి 25 ఏళ్లు వేసుకుంటాం కదా, ఇక్కడ దాదాపు సగమే ఎందుకంటే, జీయరు పదవి తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది కాదు, సన్యాసం తీసుకున్నాక వచ్చేది. నమ్మదగ్గ సగటే.

సంప్రదాయం ఒకటే సాక్ష్యం కాదు. తమిళ ఆళ్వార్లలో తిరుమంగై ఆళ్వారు ఈ కొండ మీద పది పాశురాలు చెప్పాడు, దాంతో ఇది 108 దివ్యదేశాల్లో ఒకటైంది. అంటే మఠం కన్నా క్షేత్రం వందల ఏళ్లు పాతది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో, 1515 చివర, ఇక్కడికి వచ్చాడు. హారం, వజ్రాల పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్లెం, 1000 వరహాలు ఇచ్చాడని శాసనం. వరహా అంటే అప్పటి బంగారు నాణెం, బరువు సుమారు 3.4 గ్రాములు. వెయ్యి వరహాలంటే 3.4 కిలోల బంగారం. పది గ్రాముల తులం లెక్కన 340 తులాలు. ఈనాటి ధరతో మీరే హెచ్చవేసుకోండి, పత్రిక మీ చేతికొచ్చేసరికి నేను రాసే ధర పాతబడుతుంది. ఆ తర్వాత 1579లో గోల్కొండ సేనలు అహోబిలాన్ని పట్టుకున్నాయి. 1584 ప్రాంతంలో మళ్లీ విజయనగరం వారి చేతికి వచ్చింది.

ఇప్పుడు ఒక కూడిక. ఏటా 40 రోజులు, 600 ఏళ్లు. 24,000 రోజులు. గోల్కొండ వారి కిందున్న ఐదారేళ్లు తీసేసినా 65 ఏళ్లు వస్తుంది. ఒక మనిషి పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసి రిటైరయ్యేంత కాలం, ఈ పెళ్లికొడుకు పిలుపుల మీదే ఉన్నాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ మధ్య సెలవులకు పెరూ వెళ్లి మాచు పిచ్చు ముందు నిలబడి ఫొటోలు పంపిస్తున్నారు. అక్కడి ఇంకా జాతివారి వారసత్వాన్ని చూడటానికి వెళ్లే యాత్రలు ప్రపంచమంతటా పేరున్నవి. మన దగ్గర అలాంటిదేముందని ఆ పిల్లలు అడిగితే చెప్పడానికి రెండు వైపుల తేదీలూ పక్కపక్కన పెట్టాను. ఇంకా చక్రవర్తి పచాకుతి గద్దెనెక్కింది 1438లో అని వాడుక లెక్క. మాచు పిచ్చు కట్టింది 15వ శతాబ్దంలో. స్పెయిన్ వాడు పిజారో వచ్చి ఇంకా రాజు అతవాల్పను పట్టుకున్నది 1532లో. అంటే దక్షిణ అమెరికాలో అంత పెద్ద సామ్రాజ్యం పెరిగి కూలిందంతా 94 ఏళ్లలో. అహోబిల మఠం సంప్రదాయం దానికి 40 ఏళ్లు ముందు మొదలై, ఇంకా నడుస్తోంది. రాయలవారు వరహాలు ఇచ్చి వెళ్లిన 17 ఏళ్లకే అతవాల్ప పట్టుబడ్డాడు. చివరి ఇంకాల కోట విల్కబంబ 1572లో పడిపోయింది. విజయనగరం ఓడిన తళ్లికోట యుద్ధం 1565లో. భూగోళానికి అటొకటి ఇటొకటిగా రెండు రాజ్యాలు ఏడేళ్ల తేడాతో కుదేలయ్యాయి. ఒకదాని గురించి రెండోదానికి తెలియనే తెలియదు.

ఐతే నాకు మాచు పిచ్చు కన్నా పారువేటకు దగ్గరగా తోచేది పెరూలోనే ఇంకొకటుంది. అపురిమాక్ నది మీద కెస్వచాకా అనే గడ్డితాళ్ల వంతెన. పొడవు 28 మీటర్లు, అంటే రెండున్నర ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత. నాలుగు ఊళ్ల జనం ఏటా జూన్‌లో కలిసి గడ్డి కోసి, తాళ్లు పేని, పాతదాన్ని నదిలోకి వదిలేసి కొత్తది కడతారు. మూడు రోజుల పని, నాలుగో రోజు సంబరం. ఇంకాల నాటి నుంచీ ఇదే పద్ధతి. 2013లో యునెస్కో దీన్ని మానవాళి సజీవ వారసత్వాల జాబితాలో చేర్చింది. 2020లో కరోనా వల్ల ఒక్క ఏడాది కట్టలేకపోయారు. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. మళ్లీ జూన్ వచ్చాక ఊళ్లవాళ్లే కొత్తది కట్టుకున్నారు. రాతికట్టడాన్ని ఒక్క ఏడాది పట్టించుకోకపోతే ఏమీ కాదు. గడ్డితాడుకు, పల్లకికి అలా కుదరదు.

యునెస్కో మాట వచ్చింది కాబట్టి, పారువేటకు అలాంటి గుర్తింపు ఉందా? లేదు. వారసత్వ సంపద కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ ఆ ప్రయత్నం మొదలుపెట్టింది. 2023లో గుజరాత్ గర్బా చేరేసరికి ఆ జాబితాలో మన దేశానివి 15 ఉన్నాయి. కేరళ కూడియాట్టం, బెంగాల్ దుర్గాపూజ, మణిపుర్ సంకీర్తన ఉన్నాయి. ఆ పదిహేనింటిలో తెలుగు నేలదని చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. నా మటుకు నాకు జాబితాలో పేరు ఎక్కడం కన్నా, ఎక్కితే వచ్చే జనాన్ని ఆ చిన్న ఊళ్లు ఎలా తట్టుకుంటాయన్నదే పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది. మాచు పిచ్చులో ఆ బాధ చూసే రోజుకు 4,500 మందికే టికెట్లన్నారు, రద్దీ రోజుల్లో 5,600. ఇక్కడ పల్లకి ఆగే ఊళ్లలో కొన్నింటికి మొత్తం జనాభాయే అంత ఉండదు.

సరే, వెళ్లాలనుకున్నారు. ఎలా? రైల్లో వస్తే నంద్యాలలో దిగండి. గుంటూరు వైపు నుంచి, గుంతకల్లు వైపు నుంచి పాత లైనుంది. 2016 నుంచి ఎర్రగుంట్ల మీదుగా కడప వైపు నుంచి కూడా రావచ్చు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ జాతీయ రహదారి మీద 40 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అక్కడి నుంచి దిగువ అహోబిలం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. రానూ పోనూ 140 అనుకోండి. లీటరుకు 15 ఇచ్చే కారైతే తొమ్మిది పది లీటర్లు. మన పల్లకి ఆ 140 కిలోమీటర్ల దూరాన్ని ఏ రోజూ లెక్కచెయ్యదు, దానికి పక్క ఊరే గమ్యం.

మొదటిరోజు కనుమనాడు అహోబిలంలోనే ఉండాలా? బయల్దేరే వేడుక, బాణాల ముచ్చట చూడాలంటే ఉండాలి. జనం మాత్రం ఒత్తిడిగా ఉంటారు. నా సలహా వేరు. వారం పది రోజులు ఆగి, పల్లకి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగేటప్పుడు ఒక ఊరు ఎంచుకుని వెళ్లండి. ఏ రోజు ఏ ఊరన్న జాబితా ముందే ఖరారై ఉంటుంది, గుడి దగ్గర అడిగితే చెబుతారు. పొద్దున్నే కన్నా సాయంత్రం వెళ్లడం మంచిది. పల్లెల్లో జనం పొలాల నుంచి వచ్చాకే పండగ మొదలవుతుంది.

ఇక తొమ్మిది గుళ్లు. ముందు ఒక తికమక తీర్చాలి. దిగువ అహోబిలంలో బస్సు దిగగానే కనిపించే పెద్ద గుడి, ప్రహ్లాదవరదుడిది, ఈ తొమ్మిదిలో లేదు. అది పదోది. తొమ్మిదిలో అహోబిల, కారంజ, యోగానంద, ఛత్రవట, భార్గవ నరసింహులవి దాదాపుగా బండి పోయే దారుల్లోనే ఉంటాయి. ఎగువ అహోబిలం దిగువకు 8 కిలోమీటర్లు. కారంజ అక్కడికి చేరేముందు ఒక కిలోమీటరులో వస్తుంది. మిగతా మూడూ దిగువ నుంచి రెండు మూడు కిలోమీటర్లు. వరాహ, మాలోల, జ్వాలా నరసింహుల దగ్గరికి ఎగువ నుంచి కాలినడకే. పావన నరసింహుడిది అడవి లోపల, అక్కడికి జీపు కట్టించుకుంటారు. ఐదు, మూడు, ఒకటి. తొమ్మిది.

ఒక్కరోజులో అవుతాయా? కారు దారివి ఐదూ ఒక పూటలో అవుతాయి. కష్టమంతా ఆ మూడింటి దగ్గరే. ఎగువ అహోబిలం నుంచి వరాహానికి ఒక కిలోమీటరు, మాలోలకు రెండు, జ్వాలకు నాలుగు. జ్వాల దాకా వెళ్లి రావడం 8 కిలోమీటర్లు. మనిషి అడుగు ముప్పాతిక మీటరు వేసుకుంటే 10,600 అడుగులు. ఫోన్‌లో రోజుకు పదివేల అడుగులు పూర్తిచేసేవాళ్లు తేలిగ్గా తీసుకుంటారేమో, తీసుకోకండి. అది పార్కులో నడక. ఇక్కడ భవనాశి వాగులో బండరాళ్ల మీద కాలు చూసుకుని వేసే అడుగులు, ఆపైన మెట్లు, ఎక్కుడు. నాలుగైదు గంటలు పెట్టుకోండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. వానలు పడ్డాక కొన్నాళ్లు జ్వాల గుడి ముందర కొండ మీది నుంచి నీళ్లు తెరలా జారుతుంటాయి. ఆ నెలల్లో వెళ్తే అందం ఎక్కువ, జారుడూ ఎక్కువే. నడవలేని పెద్దవాళ్లకు డోలీలు దొరుకుతాయి. ఇంకాల దారి అని పేరుపడ్డ నడక 43 కిలోమీటర్లు, నాలుగు రోజులు, 4,200 మీటర్ల ఎత్తు దాకా. మోతగాళ్లు, గైడ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి. బాగుచెయ్యడానికి ఏటా ఫిబ్రవరిలో మూసేస్తారు. దానితో పోలిస్తే జ్వాల దారి ఎంత అనిపించవచ్చు. ఆ మాట తిరిగొచ్చాక అనండి.

రెండు రోజులు పెట్టుకోగలిగితే దిగువ అహోబిలంలో పడుకోండి, టూరిజం వారి హరిత హోటలుంది. తేదీ ఎంచుకునే వీలుంటే స్వాతి నక్షత్రం చూసుకోండి. నరసింహస్వామి పుట్టిన నక్షత్రమది, ఆ రోజు అభిషేకాలుంటాయి, జనమూ ఎక్కువే. రమారమి 27 రోజులకోసారి వస్తుంది కాబట్టి ఏడాదికి 13 సార్లు. ఖాళీగా చూడాలనుకునేవాళ్లు ఇదే లెక్కను తిరగేసి వాడుకోవచ్చు.

తొమ్మిదిలో మాలోలుడి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఉత్సవమూర్తి ఈ కొండ మీద ఉండడు. మఠం జీయరు ఎక్కడికి పోతే అక్కడికి వెంట పోతాడు. అంటే ఈ క్షేత్రంలో ఒక స్వామి ఏడాది పొడుగునా సంచారంలో ఉంటాడు, ఇంకో ఇద్దరు 40 రోజులు తిరిగొస్తారు. ఇంట్లో కుదురుగా కూర్చోని కుటుంబం.

ఇప్పుడు ఆ అత్తింటివాళ్ల గురించి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో చెంచులు 64 వేలు. అప్పటి నంద్యాల పట్టణ జనాభా రెండు లక్షలు. రెండు రాష్ట్రాల చెంచులందరినీ తెచ్చి నంద్యాలలో ఉంచితే ఊళ్లో మూడో వంతు కూడా నిండదు. పెరూలో 2017 లెక్కల్లో ఇంకాల భాష కెచువాను మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 37 లక్షలకు పైనే. ఒక్క చెంచుకు 58 మంది కెచువా మనుషులన్నమాట. దేశంలో అతి బలహీన గిరిజన వర్గాలుగా గుర్తించిన 75లో చెంచులొకరు. తేనె, గడ్డలు, జిగురు, అడవి కాయలు ఏరి బతికిన జనం. వాళ్లున్న నల్లమల ఇప్పుడు దేశంలోనే పెద్దదైన పులుల అభయారణ్యం కింద ఉంది. పులికి చట్టం ఇచ్చిన అడవిలో మనిషి ఎక్కడ గడ్డలు తవ్వుకోవాలన్న తగువు ఇంకా తెగలేదు. 40 రోజులు దేవుడికి బావమరుదులైన వాళ్లు మిగతా 325 రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగే మామూలు పేదలే. ఈ సంగతి తెలిసి వెళ్తే వాళ్లను చూసే చూపు మారుతుంది.

గూడేనికి వెళ్లొచ్చా? పిలిస్తే వెళ్లండి. విల్లంబులు పట్టుకున్నాయన్ని ఫొటో తీసేముందు అడగండి. మీ పెళ్లిలో మీ బావమరిదిని ముక్కూముఖం తెలియనివాడు వచ్చి పక్కకు తిరగమని ఫొటోలు తీస్తే మీకెలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకూ. తేనె అమ్ముతుంటే కొనండి, బేరం ఆడకండి.

తిరుగు దారిలో ఆళ్లగడ్డలో కాసేపు ఆగండి. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లుంటాయి, ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరుతో అమ్మే హక్కు ఆ ఊరి పనివాళ్లదే. అక్కడ మీకో చిన్న లెక్క పనికొస్తుంది. గ్రానైటు లాంటి గట్టిరాయి ఒక ఘనపుటడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు. మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం రాయి తీసుకుంటే నాలుగున్నర ఘనపుటడుగులు, దాదాపు 340 కిలోలు. బస్తాల్లో పదమూడున్నర. విగ్రహం చెక్కాక అందులో ఎంత మిగులుతుందో, ఎంత చిప్పలుగా రాలుతుందో శిల్పి పక్కన నిలబడి చూడండి. చిన్న విగ్రహమైనా కారు డిక్కీలో పడేసుకుని పోదామనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పెరూలో కుస్కో దగ్గర సక్సైవామన్ గోడల్లో ఇంకాలు పేర్చిన రాళ్లలో వంద టన్నులు దాటినవి ఉన్నాయని అంచనా. సున్నం లేదు, ఇనుము లేదు, బండికి చక్రం లేదు. ఆ ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని ఆళ్లగడ్డ శిల్పికి చూపించండి. మీకన్నా నాకన్నా ఆయనకే దాని బరువు సరిగా తెలుస్తుంది.

ఒకవేళ పారువేట కోసమే బయల్దేరి, దారిలో ఆలస్యమై, మీరు ఎంచుకున్న ఊరు చేరేసరికి పల్లకి వెళ్లిపోయి ఉందనుకోండి. తెలుపు మీద పూలు వాడిపోయి ఉంటాయి, పందిరి విప్పుతుంటారు. కంగారు పడకండి. స్వామి ఎటు పోయాడని అడిగితే చిన్నపిల్లాడైనా చేత్తో చూపిస్తాడు. పక్క ఊరే, కొన్ని కిలోమీటర్లు. పల్లకి మోసే బోయీల నడక కన్నా మీ కారు నిదానంగా పోదు కదా. దీపాలు పెట్టేలోపు అందుకుంటారు.